కాకి వాలిందెందుకు, పండు రాలిందెందుకు

(సినిమా కథారచన నేర్చుకుంటున్న విద్యార్థుల శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం. ఆ రోజు విషయం: ఒకరికొకరు తెలియని మనుషుల దారులు కలిసే హాస్య చిత్రాలు.)

అందరికీ నమస్కారం.

ముందు ఒక సన్నివేశం చెబుతాను. ఇది ఏ సినిమాలోదీ కాదు. మన తరగతుల కోసం అల్లుకున్నది.

బస్‌స్టాండులో వెయిటింగ్ హాలు. గోడకి ఉన్నవాటిలో ఒక్క ఛార్జింగ్ పాయింటే పనిచేస్తోంది. ఒకమ్మాయి తన ఫోను దానికి తగిలించి, పక్క కుర్చీలో ఉన్న పెద్దాయనతో "బాబాయ్ గారూ, కౌంటర్ దాకా వెళ్ళొస్తాను, కాస్త ఫోను చూస్తుంటారా?" అంది. చేత్తో సైగ కూడా చేసింది. ఆయనకి చెవులు సరిగ్గా వినపడవు. కానీ సైగ అర్థమైంది. తలూపి, కుర్చీలో ఫోను వైపు తిరిగి కూర్చున్నాడు. మాటిచ్చాడు కదా, కాపలా కాయాలి.

కాసేపటికి ఒక కుర్రాడు పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఇంకో అరగంటలో ఫోన్లో ఇంటర్వ్యూ, బ్యాటరీ చూస్తే రెండు శాతం. ఆ ఫోను పెద్దాయనదే అనుకున్నాడు. "తాతగారూ, మీది తీసి నాది పెట్టుకోనా?" అని మర్యాదగానే అడిగాడు. పెద్దాయన "ఆఁ?" అన్నాడు. "థాంక్సండీ" అంటూ కుర్రాడు ఫోను తీసి ఆయన చేతిలో పెట్టేశాడు.

ఇప్పుడు ఆ అమ్మాయి ఫోను పెద్దాయన చేతిలో ఉంది. మోగింది. ఊరుకున్నాడు. మళ్ళీ మోగింది. మూడోసారి కూడా మోగేసరికి, పాపం ఎవరికేం అవసరమో అని ఎత్తాడు. అటువైపు అమ్మాయి వాళ్ళన్నయ్య, గొంతులో గాభరా. "ఇదిగో, ఇల్లు కొనేవాళ్ళు ఇప్పుడే తేల్చి చెప్పమంటున్నారు. అమ్మేద్దామా? నీకు సరేనా?" పెద్దాయన "ఆఁ?" అన్నాడు. సరిగ్గా అప్పుడే హాల్లో మైకు మొదలైంది. ఆ రొదలో గొంతు ఎవరిదో తెలియలేదు, ప్రశ్నలా అన్నారో జవాబులా అన్నారో కూడా తెలియలేదు. అన్నయ్యకి చేరింది "ఆఁ" అన్న ఒక్క అక్షరం. ఫోను పెట్టేశాడు. ఛార్జింగ్ లేక అమ్మాయి ఫోను కూడా కన్నుమూసింది.

ఇంకో నిమిషానికి ఎదురు వరుసలో కూర్చున్న ఒకావిడకి ఫోనొచ్చింది. విని, లేచి నిలబడిపోయింది. కళ్ళలో నీళ్ళు. అప్పుడే తిరిగొచ్చిన అమ్మాయి కంగారుపడి "ఏమైందండీ?" అని అడిగింది. "ఏం లేదమ్మా. ఇన్నేళ్ళూ అద్దె ఇళ్ళలోనే గడిచిపోయింది. ఇవాళ మాకు ఇల్లు కుదిరింది." అమ్మాయి ఆవిడ రెండు చేతులూ పట్టుకుని "చల్లగా ఉండండి. ఆ ఇంట్లో అంతా మంచే జరగాలి" అంది.

(నవ్వులు)

నవ్వారు. ముందు వరుసలో ఎవరో "అయ్యో" అని కూడా అన్నారు. ఆ నవ్వూ ఆ అయ్యో ఒకేసారి ఎందుకు వచ్చాయో ఈ గంటసేపూ మాట్లాడుకుందాం.

ఆ హాల్లో ఎవరూ అబద్ధమాడలేదు, గమనించారా? ఎవరూ తెలివితక్కువ పని చెయ్యలేదు. పెద్దాయన మాట నిలబెట్టుకుంటున్నాడు. కుర్రాడు అడిగే తీసుకున్నాడు. అన్నయ్య చెల్లెల్ని అడక్కుండా ఇల్లు అమ్మలేదు. ఎదురుగా ఉన్నావిడ తన ఆనందం తాను పంచుకుంది. అందరూ మంచివాళ్ళే, అందరూ సరిగ్గానే ప్రవర్తించారు, ఒక ఇల్లు చేతులు మారిపోయింది. దీనంతటికీ కారణం మన భాషలోని ఒక చిన్న అక్షరం. గొంతు పైకి లేస్తే "ఆఁ?" అంటే ఏమిటీ అని. దిగితే "ఆఁ" అంటే సరే అని. రోజుకి వందసార్లు అనే మాటే.

ఈ తరహా సినిమా రాద్దామని నా దగ్గరికి వచ్చేవాళ్ళు ఎక్కువమంది మొదట అడిగేది, "సార్, వీళ్ళందరినీ ఎక్కడ కలపాలి?" అని. హోటల్లోనా, ఆసుపత్రిలోనా, రైల్లోనా, ట్రాఫిక్ జామ్‌లోనా. చోటు దొరికితే కథ దొరికినట్టే అనుకుంటారు. చోటు ముఖ్యమే, కాదనను. 1932లో వచ్చిన 'గ్రాండ్ హోటల్' అనే హాలీవుడ్ సినిమా బెర్లిన్‌లోని ఒక పెద్ద హోటల్లో దిగినవాళ్ళ కథలన్నీ ఒకచోట అల్లింది. ఉత్తమ చిత్రంగా ఆస్కార్ కూడా తెచ్చుకుంది, అదీ ఇంకే విభాగంలోనూ నామినేషన్ లేకుండా. అప్పటినుంచి ఒకే కప్పు కింద పదిమందిని చేర్చే కథలకి ఆ సినిమా పేరే గుర్తుగా నిలిచింది. కానీ ఆ సినిమా నిలబడింది హోటల్ వల్ల కాదు. లోపలికి అడుగుపెట్టే ప్రతి మనిషికీ అప్పటికే ఒక అవసరం ఉంది. ఒకడికి డబ్బు కావాలి. ఒకడు చావు దగ్గరపడిందని తెలిసి ఉన్న డబ్బంతా ఖర్చుపెట్టి బతుకు రుచి చూద్దామని వచ్చాడు. హోటల్ తలుపు తియ్యకముందే వాళ్ళ కథలు నడుస్తున్నాయి.

మన భాషలో దీనికి చక్కని మాట ఉంది. కాకతాళీయం. కాకి వచ్చి తాటిచెట్టు మీద వాలింది, అదే క్షణంలో తాటిపండు రాలింది. కాకి వాలినందువల్ల పండు రాలలేదు, పండు రాలుతుందని కాకి వాలలేదు. రెండూ ఒకేసారి జరిగాయి, అంతే. యాదృచ్ఛికంగా జరిగేవాటికి ఈ మాట వాడేస్తూ ఉంటాం, లోపలున్న బొమ్మని మాత్రం చూడం. కథ రాసేవాళ్ళు ఆ బొమ్మని చూడాలి. కాకికి ఆ చెట్టు మీద వాలడానికి తనదైన కారణం ఉండాలి. ఎగిరి ఎగిరి అలసిపోయింది. పండుకి రాలడానికి తనదైన కారణం ఉండాలి. ముగ్గిపోయింది. రెండు కారణాలూ బలంగా ఉంటే ఆ క్షణం మనకి అద్భుతంలా ఉంటుంది. లేకపోతే రచయిత చెట్టెక్కి పండు కోసి పడేసినట్టు ఉంటుంది.

నేను పడేశాను ఒకసారి. మొదటి షార్ట్ ఫిల్మ్. నలుగురు అపరిచితులు లిఫ్టులో ఇరుక్కుంటారు. ఒకడు దొంగ, ఒకడు అప్పులవాడు, ఒకావిడ ఇల్లు వదిలి వెళ్ళిపోతోంది, ఒకాయన ఆ రోజే రిటైరయ్యాడు. కరెంటు పోతుంది, నలుగురూ మనసు విప్పి మాట్లాడుకుంటారు, కరెంటు వస్తుంది, నలుగురి సమస్యలూ తీరిపోతాయి. రాస్తున్నప్పుడు నాకే కళ్ళు చెమర్చాయి. చూపించిన రోజు హాలంతా నిశ్శబ్దం. నవ్వాల్సిన చోట ఒక్కరూ నవ్వలేదు. అయిపోయాక ఒక పెద్ద ఎడిటర్ గారు నా పక్కన కూర్చుని ఒకే ఒక్క ప్రశ్న వేశారు. "కరెంటు ఎందుకు పోయింది?" నా దగ్గర జవాబు లేదు. "ఎందుకు వచ్చింది?" దానికీ లేదు. నేనే తీశాను, నేనే ఇచ్చాను. ఆ రెండు ప్రశ్నలూ ఈ రోజుకీ నా టేబుల్ ఎదురుగా కాగితం మీద రాసి ఉంటాయి.

కథల వాళ్ళందరూ ఒప్పుకునే సూత్రం ఒకటుంది. యాదృచ్ఛికత మనుషుల్ని చిక్కుల్లో పడేస్తే ప్రేక్షకుడు సంతోషంగా నమ్ముతాడు. చిక్కుల్లోంచి బయటపడేస్తే మోసపోయానంటాడు. మొదటి పావుగంటలో ఎంత విచిత్రమైనా జరగనివ్వండి. కానీ ఆ తర్వాత జరిగేదంతా ఆ మనుషుల స్వభావంలోంచే రావాలి.

దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ 1963లో స్టాన్లీ క్రేమర్ తీసిన 'ఇట్స్ ఎ మ్యాడ్, మ్యాడ్, మ్యాడ్, మ్యాడ్ వరల్డ్'. కొండదారిలో ఒక కారు అదుపు తప్పి లోయలోకి దూకేస్తుంది. వెనక నాలుగు బళ్ళలో వస్తున్నవాళ్ళు ఆగుతారు. ఐదుగురు మగవాళ్ళు కిందికి దిగి వెళితే, చావు బతుకుల్లో ఉన్న మనిషి మూడు లక్షల యాభై వేల డాలర్లు ఫలానా పార్కులో పాతిపెట్టానని చెప్పి ప్రాణం వదులుతాడు. ఇక్కడిదాకా కాకతాళీయం. ఆ తర్వాత ఒక్కటి కూడా కాదు. అంతా ఆశే నడిపిస్తుంది.

ఆ సినిమాలో కారు ఛేజులు, విమానాలు, కూలిపోయే పెట్రోల్ బంకు, అన్నీ ఉన్నాయి. వాటికంటే ఎక్కువసార్లు నేను చూసింది రోడ్డు పక్కన నిలబడి వాళ్ళు వాటాలు తేల్చుకునే సన్నివేశం. బండికొక వాటానా? అయితే నాలుగు. లోయలోకి దిగినవాళ్ళకేనా? అయితే ఐదు. మనిషికొకటా? అయితే ఎనిమిది. ఎవరు ఏ లెక్క చెప్పినా ఆ లెక్కలో తనకి ఎక్కువ వచ్చేలానే చెబుతాడు. ప్రతివాడూ న్యాయమే మాట్లాడుతున్నానని మనస్ఫూర్తిగా నమ్ముతాడు. లెక్క కుదరదు. ఎవరి బండిలోకి వాళ్ళు పరుగెత్తుతారు. డబ్బు పంచుకోవడం వచ్చి ఉంటే సినిమా అక్కడే అయిపోయేది. అది రాకపోవడం వాళ్ళ గుణం, దర్శకుడి లీల కాదు. ఇంటికెళ్ళి ఆ ఒక్క సన్నివేశం శబ్దం తీసేసి చూడండి. ఎవరు ఎప్పుడు కారు వైపు అడుగు వేస్తున్నారో చూడండి.

సరే. ఇప్పుడు నవ్వు సంగతి.

వెయిటింగ్ హాలుకి వద్దాం. అమ్మాయికి పెద్దాయన తెలియడు. పెద్దాయనకి అన్నయ్య తెలియడు. ఎదురుగా ఉన్నావిడకి ఆ అమ్మాయి ఎవరో తెలియదు. ఆ హాల్లో అందరూ తెలిసిన మనిషి ఒక్కరే. మీరు. ప్రేక్షకుడు. ఇలాంటి సినిమాలో హీరో లేడంటారు. నా మట్టుకు నాకు, ఉన్నాడు, కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అమ్మాయి "అంతా మంచే జరగాలి" అన్నప్పుడు ఆ మాటకున్న రెండో అర్థం మీకు తప్ప ఇంకెవరికీ తెలియదు. ఆమె చెయ్యి పట్టుకుని ఆపాలనిపిస్తుంది, ఆపలేరు. ఆ నిస్సహాయతలోంచే నవ్వు వస్తుంది, అయ్యో కూడా అక్కణ్ణుంచే వస్తుంది.

ఇది సినిమా కనిపెట్టిన విద్యేమీ కాదు. గురజాడ 'కన్యాశుల్కం'లో మధురవాణి ఇంట్లో మంచం కింద రామప్ప పంతులు దాక్కుని ఉండగానే గిరీశం కూడా పూటకూళ్ళమ్మకి భయపడి అదే మంచం కిందికి దూరతాడు. చదువుతున్నవాడికి కింద ఎవరున్నారో తెలుసు, చీపురు పట్టుకొచ్చినావిడకి తెలియదు. ఇక ఆ చీపురు ఎవరి వీపు మీద పడుతుందో అన్న ఆత్రం మనది. అదే ఘట్టంలో రామప్ప పంతులు ముందే దాక్కున్నాడన్న సంగతి మననుంచి దాచిపెట్టి ఉంటే ఒక్క క్షణం ఉలిక్కిపడేవాళ్ళం, అంతే. ముందే చెప్పడం వల్ల ఘట్టం పొడుగునా నవ్వుతాం. కొత్తగా రాసేవాళ్ళు ట్విస్టు మీద మోజుతో విషయాన్ని ప్రేక్షకుడి దగ్గర దాస్తారు. హాస్యంలో దాచాల్సింది పాత్రల దగ్గర. ప్రేక్షకుడికి ముందే చెప్పెయ్యండి.

ఇదే నిర్మాణంతో ఏడిపించవచ్చు కూడా. క్రిష్ దర్శకత్వంలో 2010లో వచ్చిన 'వేదం' చూసే ఉంటారు. సంబంధం లేని ఐదుగురి కథలు చివరికి ఒక ఆసుపత్రికి చేరతాయి. అక్కడ దారులు కలిసేసరికి మన గుండె బరువెక్కుతుంది. దారులు కలిసే పద్ధతి ఒకటే. కలిసినప్పుడు మనిషి పోగొట్టుకునేది ఏమిటన్నదాన్ని బట్టి నవ్వా, కన్నీరా తేలుతుంది. ప్రాణం పోతే ఏడుస్తాం. పరువో, పంతమో, తన గురించి తాను అనుకుంటున్నదో పోతే నవ్వుతాం. మన అమ్మాయి పోగొట్టుకుంది ఇల్లు. అది మధ్యలో ఉంది. అందుకే మీకు రెండూ వచ్చాయి. ఆ మధ్యలో నిలబడటం కష్టం, నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు కూడా అదే.

కెమెరా గురించి కాస్త. ఒక మనిషి కథ అయితే దగ్గరికెళ్ళి ముఖం చూపిస్తాం. పదిమంది కథలో నవ్వు ముఖంలో ఉండదు, ఇద్దరి మధ్యనున్న ఖాళీలో ఉంటుంది. ఫ్రాన్స్‌లో జాక్ తాతి అనే మహానుభావుడు 1967లో 'ప్లేటైమ్' తీశాడు. దానికోసం అద్దాల మేడలతో ఒక ఊరంత సెట్టు కట్టించాడు, 70 ఎంఎం ఫిల్ము మీద తీశాడు, ఆర్థికంగా చితికిపోయాడు. అందులో క్లోజప్పులు దాదాపు లేవు. తెర మీద ఒకేసారి నాలుగైదు చోట్ల ఏదో ఒకటి జరుగుతూ ఉంటుంది, ఎక్కడ చూడాలో మీ ఇష్టం. అందులో కొత్తగా తెరిచిన రెస్టారెంటు ఒకటి ఉంది. ముందున్న గాజు తలుపు భళ్ళున పగిలిపోతుంది. తలుపు దగ్గర నిలబడే అతని చేతిలో ఇత్తడి పిడి ఒక్కటే మిగులుతుంది. అతను కంగారుపడడు. అతిథి రాగానే ఆ పిడిని గాలిలో పట్టుకుని తలుపు తీసినట్టు పక్కకి జరుగుతాడు, వాళ్ళు లోపలికి వెళ్ళగానే మూసినట్టు మళ్ళీ యథాస్థానానికి వస్తాడు. వచ్చేవాళ్ళు కూడా లేని తలుపు తెరుచుకునేదాకా ఆగి, లోపలికి నడుస్తారు.

ఆ తలుపు మనిషికి పెద్ద కథేమీ లేదు. అయినా అతన్ని నేను మర్చిపోలేను. తన పని మీద అతనికున్న గౌరవం ఆ పిడిలో కనిపిస్తుంది. మీ స్క్రిప్టుల్లో 'వెయిటర్ 1', 'డ్రైవర్ 2' అని రాసి వదిలేస్తున్నారు. దయచేసి అలా రాయకండి. పదిమంది కథలో పదకొండోవాడు కూడా మనిషే, తన సినిమాలో తానే హీరో అనుకుంటూ ఆ ఫ్రేములోంచి నడిచి వెళుతున్నవాడు. వాడికి మాట ఇవ్వక్కర్లేదు. వాడి చేతికి ఒక పిడి ఇవ్వండి.

శబ్దం విషయంలో రాబర్ట్ ఆల్ట్‌మన్‌ని వినాలి. చూడాలి అనట్లేదు, వినాలి అంటున్నాను. 1975 నాటి 'నాష్‌విల్'లో 24 ముఖ్య పాత్రలు. నటులకి విడివిడిగా మైకులు తగిలించి, వేర్వేరు ట్రాకుల మీద రికార్డు చేయించాడు. ఒకరు మాట్లాడుతుండగానే ఇంకొకరు అందుకుంటారు, పక్క బల్ల దగ్గర మాటలు కూడా వినిపిస్తాయి. తర్వాత మిక్సింగ్‌లో ఏ గొంతు పైకి తేవాలో నిర్ణయించుకున్నాడు. మన వెయిటింగ్ హాలు సన్నివేశం శబ్దం లేకపోతే నిలబడదని మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. మైకులో ఆ ఎనౌన్స్‌మెంటు అర సెకను ఆలస్యంగా పడితే అన్నయ్యకి అసలు సంగతి తెలిసిపోతుంది, కథ లేదు.

ఇక రాతబల్ల దగ్గర పని. నేను గోడకి కార్డులు అంటిస్తాను. పెద్దాయనకి పసుపు, అమ్మాయికి నీలం, కుర్రాడికి ఆకుపచ్చ, ఇల్లు కొనేవాళ్ళకి ఎరుపు. అంటించి, గది చివరికెళ్ళి నిలబడి చూస్తాను. అక్షరాలు కనపడవు, రంగులే కనపడతాయి. ఆకుపచ్చ చాలాసేపు మాయమైపోయిందా? ప్రేక్షకుడు ఆ కుర్రాణ్ణి మర్చిపోయాడన్నమాట. మళ్ళీ కనిపించినప్పుడు "వీడెవడు" అనుకునే ఆ కొద్దిసేపట్లో నవ్వు చచ్చిపోతుంది. రంగులు వరసగా ఒకటి తర్వాత ఒకటి వస్తున్నాయా? అదీ ప్రమాదమే, వంతుల ప్రకారం వడ్డించినట్టు ఉంటుంది. అందరికీ సమానంగా నిమిషాలు పంచక్కర్లేదు. కుర్రాడి ఇంటర్వ్యూ రెండు సన్నివేశాల్లో తేలిపోతుంది. అమ్మాయీ అన్నయ్యా మాట్లాడుకోవడానికి అరగంట కావాలి. ఎవరి గొడవ ఎంత లోతో అంత సమయం ఇవ్వండి.

ఇంకో చిన్న విషయం. మొదటి పది నిమిషాల్లో పేర్లు ఎవరికీ గుర్తుండవు. వస్తువులు గుర్తుంటాయి. తెగిన చెప్పు, పెద్ద సూట్‌కేసు, చేతికి కట్టు. పేరు చెప్పడానికి తొందరపడకండి.

ముగింపు గురించి మీలో చాలామంది చీటీలు పంపారు. అందరినీ చివర్లో ఒక గదిలోకి చేర్చి, జరిగిందంతా బయటపెట్టి, అందరూ ఒకరినొకరు చూసి ఆశ్చర్యపోవాలా అని. నాకు అది ఇష్టం లేదు. క్రేమర్ సినిమాలో చివరికి డబ్బు ఎవరికీ దక్కదు, గాలికి ఎగిరిపోతుంది. దానికోసం పరుగెత్తిన మగవాళ్ళందరూ ఒళ్ళంతా కట్లతో ఆసుపత్రిలో పడుకుని ఉంటారు. అప్పుడు నోరు పెట్టుకుని అందరినీ సాధించే అత్తగారు అరటితొక్క మీద కాలేసి జారిపడుతుంది. అంతమందీ, దెబ్బలు మర్చిపోయి, పగలబడి నవ్వుతారు. వాటాలు తేలనివాళ్ళు మొదటిసారి ఒకటి కలిసి పంచుకున్నారు. ఎవరూ ఎవరికీ ఏమీ వివరించలేదు, చూడండి.

మన కథలో ఏం చేద్దామని నిన్న ఇక్కడే పెద్ద వాదన జరిగింది. సాయంత్రం దాకా కొట్టుకున్నాం. అమ్మాయికి నిజం తెలియాలని అందరూ ఒప్పుకున్నారు. తెలుస్తుంది. అన్నయ్య ఎదురుగా నిలబడి "నువ్వే కదా ఆఁ అన్నావు" అంటాడు, "నేనెప్పుడన్నాను?" అంటుంది. ఇద్దరూ మొదటిసారి ఆ ఇంటి గురించి కూర్చుని మాట్లాడుకుంటారు. ఇల్లు ఉంటుందా పోతుందా అన్నది మీలో ఇద్దరు రాసుకొస్తున్నారు, వింటాను. తేలనిది పెద్దాయన సంగతి. ఆయనకి తెలియాలా? తెలియాలి, క్షమాపణ చెప్పాలి అన్నారు కొందరు. నాకు మనసొప్పలేదు. ఆయన అమ్మాయి రాగానే ఫోను చేతికిచ్చి "ఎవరో చేశారమ్మా, నాకు వినపడలేదు" అని నిజమే చెప్పాడు. ఆమె ఆఫీసువాళ్ళై ఉంటారనుకుంది. ఆయన చెయ్యగలిగింది చేశాడు. ఇప్పుడు ఆయన బస్సొచ్చింది. కిటికీ పక్క సీటు దొరికింది. ఎవరో బిడ్డ వస్తువు భద్రంగా అప్పజెప్పానన్న తృప్తి ఆయన ముఖంలో ఉంది. కొంతదూరం పోయాక కండక్టర్ వంగి అడిగాడు.

"పెద్దాయనా, మీరు దిగేది ఇక్కడేనా?"

"ఆఁ?"

కండక్టర్ బెల్లు కొట్టేశాడు.